హారర్‌లో తప్పు భయపెట్టడమా, చూపించే తీరా?

ప్రశ్న: దెయ్యాన్ని చూసి వణికితే సరే. మనిషిని కోస్తుంటే టికెట్ కొని చూడటం సబబేనా? పైగా ఇప్పుడొచ్చేవన్నీ ఒకే మూస ఎందుకు?

జవాబు 1: రక్తం ఎంతుందని కాదు, కెమెరా ఎవరి పక్షమో చూడండి. 1960 నాటి హాలీవుడ్ సినిమా ‘సైకో’లోని స్నానాల గది హత్యలో కత్తి ఒంట్లో దిగడం దాదాపు కనపడదు. ముక్కలుగా కత్తిరించిన షాట్లు, వయొలిన్ల కీచు కలిస్తే మిగతాది మన బుర్రే పూర్తిచేస్తుంది. ఆ రక్తం చాక్లెట్ సిరప్, నలుపు తెలుపులో భలే పండింది. బాధితురాలి మొహం వదిలేసి గాయం మీదే కెమెరా తిష్ట వేస్తే మాత్రం ఒప్పుకోను.

జవాబు 2: ‘కానిబాల్ హోలోకాస్ట్’ అనే ఇటాలియన్ హారర్ సినిమా (1980)లో జంతువుల్ని నిజంగానే చంపారు. కళ పేరు చెప్పినా అది తప్పే.

జవాబు 3: మూసకి కారణం జంప్ స్కేర్, అంటే హఠాత్తుగా ఉలిక్కిపడేలా చేసే ట్రిక్కు, చవక కదా. సంగీతం ఆపి, రెండు మూడు సెకన్లు నిశ్శబ్దం, తర్వాత ఢామ్! అది ఉలికిపాటు, భయం కాదు. పదే పదే వాడితే నిశ్శబ్దం రాగానే ప్రేక్షకుడు చెవులు మూసుకుంటాడు, సీను అక్కడే చచ్చింది. తెరిచిన తలుపు మీద షాట్ ఇంకాస్త నిలిపి, ఏమీ జరగకుండానే కట్ చేస్తే? తర్వాతి తలుపు దానంతటదే భయపెడుతుంది.