రెండో తరగతి పిల్లాడికి 'వద్దు' అనడం నేర్పాలా?

పర్లాకిమిడి కోడలు:
మావాడు రెండో తరగతి. పెద్ద క్లాసు కుర్రాళ్లు గుడాకు డబ్బా తెచ్చి, "పళ్లకు రాసుకో, లేకపోతే ఆటలోకి రాకు" అన్నారట. రాసుకున్నాడు. పొగాకు, బెల్లం కలిపిన ఆ నల్లటి ముద్దకు తల తిరిగి క్లాసులోనే వాంతి. అప్పటినుంచి "వద్దు అని గట్టిగా చెప్పు" అని నేర్పుతున్నాం. ఇప్పుడే వద్దనడం అలవాటైతే రేపు మనకూ వద్దంటాడని అత్తగారి టెన్షన్. మీరేమంటారు?

గుణుపూర్ నాయుడు:
పెద్దావిడ మాటే రైటు. పిల్లలకు భయం ఉండాలి. మా రోజుల్లో నాన్న చూపు చాలేది.

రాయగడ టీచరమ్మ:
నాయుడు గారూ, నాన్న చూపు బడి గేటు దాకానే పనిచేస్తుంది.
కోడలు గారూ, గుడాకు మంచిది కాదని మీవాడికి ముందే తెలిసి ఉంటుంది. 2011లో జర్మనీలో నాలుగేళ్ల పిల్లలకు బొమ్మల పుస్తకాలు ఇచ్చి ఒక పరిశోధన చేశారు. తోటి ముగ్గురూ తప్పు చెబితే, సరైన జవాబు తెలిసిన పిల్లల్లో చాలామంది ఒక్కసారైనా వాళ్లకే వంత పాడారు. ఎవరూ వినకుండా అడిగితే సరిగ్గానే చెప్పినవాళ్లు పెరిగారు. నలుగురిలో నోరు పెగలడమే కష్టం. కాబట్టి ఇంట్లో ఆటలా చేయించండి. మీరు ఆ పెద్ద కుర్రాడవండి, "రాసుకోరా" అని బలవంతం చేయండి. "మా అమ్మ నోరు వాసన చూస్తుంది" అని చెప్పి పక్కకు వెళ్లిపోవడం నేర్పండి. తప్పు మీ మీదకు తోసేస్తే వాడి పరువు దక్కుతుంది.

గుణుపూర్ నాయుడు:
అంటే అబద్ధం నేర్పమంటారా, టీచరమ్మా?

రాయగడ టీచరమ్మ:
నిజంగానే వాసన చూడమనండి, అబద్ధం కాదు.

బరంపురం నాన్న:
ఇవన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఒడియా మీడియంలో మన తెలుగు పిల్లల్ని ముందే 'తెలెంగా' అని ఏడిపిస్తారు. వద్దన్నవాడిని గోలీలాటకు కూడా పిలవరు. ఆ బాధ పడేది వాడే, మనం కాదు. నన్నడిగితే ముందు వాడికి ఒక జతగాడిని చూడాలి. ఇద్దరుంటే వద్దనడం తేలిక. ఆదివారం ఒక ఒడియా పిల్లాడిని భోజనానికి పిలవండి.
ఇంకోటి. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని, 18 ఏళ్లు నిండని వాళ్లకు అసలే అమ్మకూడదని 2003 చట్టంలోనే ఉంది. ఆ కుర్రాళ్లకు డబ్బా ఎవరమ్మారు?

పర్లాకిమిడి కోడలు:
జతగాడి మాట నచ్చిందండి. పక్క వీధిలో ఒకడున్నాడు, పిలుస్తాను.
డబ్బా గేటు ఎదురు బడ్డీలోదే. కంప్లైంటు ఇద్దామంటే మా ఆయన, "వాడు మా ఫ్రెండ్స్ బ్యాచ్‌లో వాడే, రేపు అందరూ నన్ను వెలివేస్తారు" అంటున్నారు.

గుణుపూర్ నాయుడు:
హెడ్మాస్టారి చేత రాయించండి. మీవారి పేరు రాదు.