స్వరాజ్ పాల్ జీవితాన్ని విద్యార్థులకు ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలి?

పెన్న ఒడ్డు (అనంతపురం):

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ఒక డిగ్రీ కళాశాలలో వాణిజ్యశాస్త్రం బోధిస్తున్నాను. మా విద్యార్థుల ఇళ్లలో ఎవరో ఒకరు పెనుకొండ దగ్గరి కార్ల కర్మాగారంలోనో, దానికి విడిభాగాలు చేసి పంపే యూనిట్లలోనో పనిచేస్తున్నారు. పోయిన వారం ఒక అమ్మాయి లేచి, బయటి దేశంవాళ్లు మన ప్రాంతానికి వచ్చి ఫ్యాక్టరీ పెట్టడం చూస్తున్నాం కదా సార్, మనవాళ్లెవరైనా బయటికి వెళ్లి ఫ్యాక్టరీ పెట్టి ఆ దేశపు చట్టసభలో కూర్చున్నారా అని అడిగింది. నాకు వెంటనే 2025 ఆగస్టు 21న లండన్‌లో, 94 ఏళ్ల వయసులో కన్నుమూసిన స్వరాజ్ పాల్ గుర్తుకు వచ్చారు. ఆయన గురించి ఒక తరగతి చెబుతానని మాట ఇచ్చాను.

ఆయన 1931లో జలంధర్‌లో పుట్టారు. తండ్రి చిన్న ఫౌండ్రీలో ఉక్కు బకెట్లు, సేద్యపు పనిముట్లు చేయించేవారు. స్వరాజ్ పాల్ అమెరికాలోని ఎంఐటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి వచ్చి, కలకత్తాలో సోదరుల వ్యాపారంలో చేరారు. 1966లో ఆయన లండన్ వెళ్లింది వ్యాపారం కోసం కాదు, లుకేమియాతో బాధపడుతున్న చిన్న కూతురు అంబికకు వైద్యం చేయించడానికి. ఆ పాప 1968లో నాలుగేళ్ల వయసులో చనిపోయింది. ఆ ఏడాదే ఆయన 5,000 పౌండ్ల అప్పుతో నేచురల్ గ్యాస్ ట్యూబ్స్ అనే సంస్థను మొదలుపెట్టారు. అదే తరువాత కపారో గ్రూపుగా పెరిగింది. 1996లో బ్రిటన్ పార్లమెంటు ఎగువసభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో, ఎన్నికతో కాక నియామకంతో, జీవితకాల సభ్యుడై లేబర్ పార్టీ వైపు కూర్చున్నారు. 2008లో ఆ సభకు డిప్యూటీ స్పీకరయ్యారు. భారత సంతతివారిలో ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి ఆయనే.

ఇంతవరకు చెప్పడం కష్టం కాదు. అయితే ఒక పాప మరణాన్ని, ఒక సంస్థ పుట్టుకను పక్కపక్కన పెట్టి విజయగాథలాగా చెప్పడానికి నాకు మనసు రావడం లేదు. ఇక రెండో సందేహం: ఎన్నికల్లో నిలబడకుండా నియామకంతో సభలోకి వెళ్లిన మనిషిని రాజకీయాల్లోకి వచ్చిన పారిశ్రామికవేత్త అనవచ్చునా, లేక బిరుదు పొందిన వ్యాపారి అనడమే సరైనదా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

సార్, నేను ముప్పై ఏళ్లు పైపుల మిల్లులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచే చెబుతాను. ఆయన సంస్థ పేరులోనే ఆ కాలం కనిపిస్తుంది. బ్రిటన్‌లో అంతకుముందు ఇళ్లకు బొగ్గు నుంచి తీసిన గ్యాస్ వచ్చేది. ఉత్తర సముద్రంలో సహజవాయువు దొరికాక, 1967 నుంచి సుమారు పదేళ్లపాటు దేశమంతటా ఇల్లిల్లూ తిరిగి పొయ్యిలను, హీటర్లను కొత్త గ్యాస్‌కు తగినట్టు మార్చారు. అంత పెద్ద ప్రభుత్వ పథకం నడుస్తున్నప్పుడు పైపులకు ఎంత గిరాకీ ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు. ఇనుము చేసే ఇంట్లో పుట్టి మెకానికల్ చదివిన మనిషికి ఆ అవకాశం కనబడటంలో ఆశ్చర్యం లేదు.

తరువాత 1970లలో ఆయన వేల్స్‌లోని ట్రెడెగర్‌లో స్పైరల్ పైపుల మిల్లు పెట్టారు. కాయిల్‌గా చుట్టిన ఉక్కు పట్టీని, జడ మెలితిప్పినట్టు ఏటవాలుగా తిప్పుతూ అంచులను వెల్డింగ్ చేసుకుంటూ పోతే పైపు తయారవుతుంది. పట్టీ వెడల్పు మార్చకుండా, తిప్పే కోణం మార్చి వేరువేరు వ్యాసాల పైపులు తీయవచ్చు. మన తాగునీటి పథకాలకు లారీల మీద వెళ్లే పెద్ద పైపులను గమనించండి, ఒంటి మీద మెలిక గీత కనిపిస్తుంది.

ట్రెడెగర్ గని కార్మికుల ఊరు. బ్రిటన్‌లో అందరికీ ఉచిత వైద్యం తెచ్చిన మంత్రి అన్యూరిన్ బెవాన్ పుట్టిన ఊరు అదే. ఆ కాలంలో ఆ నియోజకవర్గం ఎంపీ మైఖేల్ ఫుట్, తరువాత లేబర్ పార్టీ నాయకుడయ్యారు. పక్కనే ఎబ్బు వేల్‌లో ఉక్కు ఉత్పత్తి ఆగిపోతున్న రోజుల్లో ఒక భారతీయుడు అక్కడ మిల్లు తెరిచి పని ఇచ్చాడంటే, నా దృష్టిలో ఆయన రాజకీయం అక్కడే మొదలైంది, 1996లో కాదు.

రాయలసీమ న్యాయవిద్యార్థి (కర్నూలు):

పై పెద్దాయన మాటను గౌరవిస్తూనే, ఆయన అసలైన రాజకీయం ట్రెడెగర్‌లోనూ కాదు, లార్డ్స్ సభలోనూ కాదు, మన దేశంలోనే జరిగిందని నేను అనుకుంటున్నాను. 1982 బడ్జెట్‌లో, ప్రణబ్ ముఖర్జీ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు, ప్రవాస భారతీయులు ఇక్కడి కంపెనీల వాటాలు కొనుక్కోవడానికి ప్రభుత్వం దారి తెరిచింది. 1983లో స్వరాజ్ పాల్ ఎస్కార్ట్స్, డీసీఎం (ఢిల్లీ క్లాత్ మిల్స్) సంస్థల వాటాలు పెద్దఎత్తున కొన్నారు. ఎస్కార్ట్స్ అంటే మన రైతులకు వేరే చెప్పనక్కరలేదు, ఆ ట్రాక్టర్లు మన చేలల్లో తిరిగినవే. రెండు కంపెనీలూ ఆ వాటాలను ఆయన పేరున నమోదు చేయడానికి నిరాకరించాయి.

ఆ గొడవలో బయటపడిన సంగతి ఏమిటంటే, ఎస్కార్ట్స్‌ను నడిపే కుటుంబం చేతిలో ఉన్న వాటా చాలా కొద్ది, సగానికి పైగా వాటాలు ఎల్‌ఐసీ వంటి ప్రభుత్వ ఆర్థిక సంస్థల చేతిలో ఉన్నాయి. అంటే పాలసీ కట్టిన సామాన్యుల సొమ్ముతో నడుస్తున్న కంపెనీని ఒక కుటుంబం తన సొంత ఆస్తిగా చూసుకుంటున్నదన్న మాట. ఎస్కార్ట్స్ డైరెక్టర్లను మార్చడానికి వాటాదారుల సమావేశం పిలవమని ఎల్‌ఐసీ అడిగితే, ఎస్కార్ట్స్ బొంబాయి హైకోర్టుకు వెళ్లి గెలిచింది. 1985 డిసెంబరు 19న సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. చట్టం కోరినంత వాటా ఉంటే సమావేశం పిలిచే హక్కు ఏ వాటాదారుకైనా ఉంటుందనీ, ప్రభుత్వ సంస్థ అయినంత మాత్రాన ఎల్‌ఐసీకి ఆ హక్కు పోదనీ, అందుకు కారణాలు చెప్పవలసిన అవసరం కూడా లేదనీ ఆ తీర్పు సారాంశం. దాన్ని రాసినవారు మన హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు ఎదిగిన తెలుగువారు, జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి. మా తరగతిలో ఆ తీర్పు చదివిన రోజు నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను.

స్వరాజ్ పాల్ చివరికి ఆ వాటాలు అమ్మేసి పక్కకు తప్పుకున్నారు. అయినా యాజమాన్యం అంటే ఏమిటన్న ప్రశ్నను ఆయన దేశం ముందు పెట్టారు, అది రాజకీయం కాకపోతే మరేమిటి? ఇందిరాగాంధీ కుటుంబానికి ఆయన సన్నిహితుడన్న సంగతిని కూడా తరగతిలో దాచకూడదు; ఆనాటి పారిశ్రామికవేత్తల భయానికి అదీ ఒక కారణం.

ఇంకొకటి కూడా చెప్పండి. 1984లో కపారో సంస్థ ఫిడెలిటీ అనే కంపెనీని కొన్నది. 13 లక్షల పౌండ్ల లాభం చూపిన ఆ కంపెనీ లెక్కల వెనుక నిజానికి 4 లక్షలకు పైగా నష్టం ఉందని తరువాత తేలింది. కపారో ఆడిటర్ల మీద దావా వేసి, 1990లో, అప్పట్లో బ్రిటన్‌కు అత్యున్నత న్యాయస్థానం కూడా అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఓడిపోయింది. ఆడిటర్ల బాధ్యత కంపెనీకీ, మొత్తం వాటాదారుల సమూహానికీ తప్ప, లెక్కలు చూసి వాటాలు కొనేవారికి కాదని అక్కడి న్యాయమూర్తులు అన్నారు. తన కంపెనీ ఓడిన ఆ సభలోనే ఆరేళ్ల తరువాత ఆయన సభ్యుడయ్యారు. మీ వాణిజ్యశాస్త్రం విద్యార్థులకు ఇంతకంటే దగ్గరి పాఠం దొరకదు సార్.

దేవుని కడప (కడప):

మాది కడప జిల్లా. మా అన్నయ్య ఇరవై ఏళ్లుగా కువైట్‌లో ఉన్నాడు. రాయచోటి, రాజంపేట వైపు అలాంటి ఇల్లు లేని వీధి ఉండదు. మా అన్నయ్య ఎంత కష్టపడినా, అకామా (అక్కడి నివాస అనుమతి) ముగిసిన రోజున సంచి సర్దుకోవలసినవాడే. అక్కడి ఓటు గురించి కలలో కూడా తలచుకోడు. బ్రిటన్‌లో చట్టం వేరు. కామన్‌వెల్త్ దేశాల నుంచి వచ్చి చట్టబద్ధంగా నివసించేవారికి ఓటు వేసే హక్కు, శాశ్వత నివాస అనుమతి ఉంటే పోటీ చేసే హక్కు ఉన్నాయి. దాదాభాయ్ నౌరోజీ 1892లో ఫిన్స్‌బరీ సెంట్రల్ నుంచి 5 ఓట్ల తేడాతో గెలిచారు. టాటాల మేనల్లుడు షాపూర్జీ సక్లత్‌వాలా 1922లో బాటర్సీ నార్త్ నుంచి గెలిచారు. వాళ్లు గడపగడపకూ తిరిగి ఓటు అడిగారు, స్వరాజ్ పాల్ అడగలేదు. ఆ తేడాను విద్యార్థులకు దాచకుండా చెప్పండి సార్, వాళ్లు అర్థం చేసుకుంటారు.

2010 నాటి మచ్చ కూడా చెప్పాలి. ప్రధాన నివాసం విషయంలో సరికాని భత్యాలు తీసుకున్నందుకు ఆయనను సభ నుంచి నాలుగు నెలలు సస్పెండ్ చేశారు. మోసం చేసే ఉద్దేశం లేదని విచారణ కమిటీ అన్నది గాని, బాధ్యతారాహిత్యాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆయన డబ్బు తిరిగి కట్టారు. 2015 అక్టోబరులో బ్రిటన్‌లోని కపారో ఇండస్ట్రీస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, ఆ మరుసటి నెలలోనే కొడుకు అంగద్ మరణించాడు. ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్న తండ్రి ఆయన.

అంబికకు లండన్ జంతుప్రదర్శనశాల అంటే ఎంతో ఇష్టం. నిధులు లేక ఆ జూ మూతపడే స్థితికి వచ్చినప్పుడు ఆయన 10 లక్షల పౌండ్లు ఇచ్చారు, 1994లో అక్కడ పిల్లల విభాగం ఆమె పేరున తెరుచుకున్నది. ఏటా అక్కడ పిల్లలతో, స్నేహితులతో ఆ పాపను తలచుకునేవారు. మీరు ఆ జూ దగ్గర మొదలుపెడితే, పాప మరణం సంస్థ పుట్టుకకు పీఠికలాగా వినబడదని నా అభిప్రాయం.

పెన్న ఒడ్డు (అనంతపురం):

ముగ్గురికీ కృతజ్ఞతలు. కడప మిత్రుల సలహా ప్రకారమే జూ దగ్గర మొదలుపెడతాను. ఒక గంట సరిపోదు కనుక రెండు తరగతులు తీసుకుంటాను: మొదటిది పాప గురించి, పైపుల గురించి, రెండోది పూర్తిగా ఎస్కార్ట్స్ తగాదా, ఆడిటర్ల తీర్పు. నియామకానికీ ఎన్నికకూ ఉన్న తేడాను నౌరోజీ 5 ఓట్లతో చెబుతాను, 2010 సంగతిని కూడా వదలను. న్యాయవిద్యార్థి గారూ, 1985 తీర్పులో సమావేశపు హక్కు గురించిన భాగాన్ని మీరు సులభమైన తెలుగులో ఒక పేజీకి కుదించి ఇక్కడ పెడితే, మీ పేరు చెప్పి మా పిల్లల చేత చదివిస్తాను.