మినియన్ బొమ్మకున్న త్రికోణం స్క్రూ విప్పే బిట్ ఎక్కడ దొరుకుతుంది?

2015లో ‘మినియన్స్’ సినిమా వచ్చినప్పుడు ఫాస్ట్‌ఫుడ్ పిల్లల మీల్‌తో ఇచ్చిన మాట్లాడే బొమ్మలు సేకరిస్తున్నాను. ఈమధ్య ఒకదాని గొంతు ముందు బొంగురుపోయి, తర్వాత పూర్తిగా ఆగిపోయింది. స్పీకర్ చిల్లుల్లోంచి తెల్లటి పొడి రాలుతోంది. లోపల బటన్ సెల్ కారి ఉంటుంది. అలాగే వదిలేస్తే సర్క్యూట్‌ను తినేస్తుందని టెన్షన్‌గా ఉంది.

అడుగున స్క్రూ బాగా లోతులో ఉంది. తల మీద మూడు మూలల గుంట, వెడల్పు సుమారు 2 మి.మీ. చిన్న మైనస్ స్క్రూడ్రైవర్ జారిపోతోంది. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే స్టార్ బిట్లు, వై ఆకారం బిట్లు చూపించారు, రెండూ పట్టలేదు. డ్రిల్ చేయమన్నారు గానీ, ఆ పసుపు ప్లాస్టిక్ మీద గీత పడడం నాకిష్టం లేదు.

హైదరాబాద్‌లో పొడవాటి కాడ ఉన్న త్రికోణం బిట్ ఏ షాపులో దొరుకుతుంది?