గుర్రానికి మూలికల పొడి: పోటీకి ఎన్ని రోజుల ముందు ఆపాలి?

ప్రశ్న: ఎండ్యూరెన్స్ (దూరం స్వారీ) పోటీకి గుర్రాన్ని తయారు చేస్తున్నాను. కీళ్లు పట్టేస్తున్నాయని డెవిల్స్ క్లా వేరు పొడి దాణాలో కలుపుతున్నా. జనాన్ని చూస్తే బెదురుతుందని శాంతపరిచే వలేరియన్ మూలిక ఉన్న పొడి కూడా ఇస్తున్నా. రెండు డబ్బాల మీదా "పూర్తిగా సహజం" అనే ఉంది. ఎఫ్‌ఈఐ (అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య) పోటీకి ఎన్ని రోజుల ముందు ఆపాలండీ? డోపింగ్ టెస్ట్ అంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండూ ఇబ్బందేనండీ. ల్యాబ్ వాళ్లు వెతికేది మొక్కను కాదు, రక్తంలో, మూత్రంలో దొరికే రసాయనాన్ని. డెవిల్స్ క్లాలో హార్పగోసైడ్, వలేరియన్‌లో వలేరెనిక్ యాసిడ్ ఉంటాయి. రెండూ ఎఫ్‌ఈఐ నిషిద్ధ పదార్థాల జాబితాలో ఉన్నాయి. సర్పగంధలోని రిసెర్పిన్‌దీ అదే దారి. 2008 ఒలింపిక్స్‌లో కొన్ని జంపింగ్ గుర్రాలు దొరికిపోయింది క్యాప్సైసిన్‌తో, అంటే మిరపకాయల్లోని ఘాటు పదార్థంతో! నార్వే జట్టు కాంస్యం పోగొట్టుకుంది.

ఇక రోజుల లెక్క. ఫినైల్‌బ్యూటజోన్ (నొప్పి మందు) లాంటి కొన్ని మందులకు, ఫలానా మోతాదు ఇస్తే ఎంతకాలం కనిపిస్తుందో ఎఫ్‌ఈఐ ప్రకటిస్తుంది. మూలికల పొడికి ఆ లెక్క కుదరదు. ఒక్కో డబ్బాలో సారం ఒక్కోలా ఉంటుంది, ఎంతుందో లేబుల్ మీద తరచూ రాయరు. కాబట్టి ఎవరైనా "ఇన్ని రోజులు చాలు" అంటే నమ్మకండి.

అడిగారు కాబట్టి ఇంకో మాట. కీళ్లు పట్టేస్తుంటే ముందు వెటర్నరీ డాక్టరుకు చూపించండి. పోటీలో డాక్టర్లు దారి మధ్యలో ఆపి, గుర్రాన్ని చిన్న పరుగు (ట్రాట్) తీయించి చూసేది కుంటుతోందేమోననే. నొప్పి తెలియకుండా చేస్తే ఆ పరీక్షకు అర్థం లేదు, గుర్రం కాలే పోతుంది.

ప్రశ్న: అయితే ఎలక్ట్రోలైట్లూ ఇవ్వకూడదా?

మరొకరి జవాబు: ఇవ్వచ్చు. చెమటలో పోయిన సోడియం, పొటాషియం, క్లోరైడ్ లవణాలు నోటి ద్వారా ఇస్తే తప్పు లేదు. "శక్తినిచ్చే", "శాంతపరిచే" అని రాసి ఉన్న పేస్టుల జోలికి మాత్రం వెళ్లొద్దు. లూసర్న్ గడ్డి గురించి కంగారు పడకండి: మేతలో సహజంగా ఉండే సాలిసిలిక్ యాసిడ్‌కు (ఆస్పిరిన్ జాతి పదార్థం) మూత్రంలో ఒక పరిమితి దాకా మినహాయింపు ఉంది. అదే పేరు చెప్పి, ఆ జాతి పదార్థమే ఉండే విల్లో చెట్టు బెరడు మాత్రం పెట్టకండి.

వాడే ప్రతి పదార్థం పేరూ ఎఫ్‌ఈఐ డేటాబేస్‌లో వెతకండి. దాణా బ్యాచ్ నంబరు రాసుకుని, గుప్పెడు సీల్ చేసి దాచండి. మందులు వేసుకునే సాయీసులు గుర్రపుశాలలో మూత్రం పోయకుండా చూడాలి. నవ్వొచ్చినా, అలా కూడా గడ్డిలోకి మందులు చేరతాయి. పొడి కలిపింది ఎవరైనా, ముందుగా నోటీసు వచ్చేది గుర్రానికి బాధ్యులైనవారికే.

ప్రశ్న వేసినవారు: రెండు డబ్బాలూ పక్కన పెట్టేశాను. డాక్టరుగారిని రమ్మన్నాను. ఆయన చూశాకే పోటీకి పేరు ఇస్తాను.