మొదటి ఎలక్ట్రిక్ గిటార్‌గా సెమీ హాలో కొనొచ్చా, సాలిడ్ బాడీయే మేలా?

మిర్యాలగూడ తీగలు:
అన్నలకు నమస్తే. ఇన్నాళ్లూ అకౌస్టిక్ వాయించాను, ఇప్పుడు ఎలక్ట్రిక్ కొనాలని ఉంది. బడ్జెట్ నలభై వేల లోపు. జడ్చర్లలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ ఐబానెజ్ ఏఎస్73 ఉంది, సెమీ హాలో (లోపల సగం డొల్ల). ఆదివారం చర్చిలో వాయించాలి, మిగతా రోజులు రాత్రిపూట ఇంట్లో. షాపులో అడిగితే "అది స్టేజీ మీద కుయ్యిమంటది, సాలిడ్ బాడీ తీసుకో, అది లోపలంతా గట్టి చెక్కే" అన్నారు. నిజమేనా?

దేవరకొండ బేస్:
నూటికి నూరుపాళ్లు నిజం తమ్ముడూ. మన దగ్గర ఫంక్షన్ అంటే డీజే బాక్సుల పక్కనే నిలబడాలి. పై చెక్కకు ఎఫ్ ఆకారపు రంధ్రాలున్న గిటార్ ఒకటి నేనూ వాడాను. వాల్యూం సగం దాటితే ఊళ పెట్టేది. అమ్మేసి పీడ వదిలించుకున్నా.

పాలమూరు బ్లూస్:
అన్నా, మీది అసలు సెమీ హాలోనేనా? పైకి చూస్తే తేడా తెలీదు. గిబ్సన్ కంపెనీ 1958లో ఈఎస్-335 గిటార్ తెచ్చింది ఈ ఊళను తగ్గించడానికే. పొట్ట మధ్యలో మెడ నుంచి కింది దాకా చెక్క దిమ్మ పెట్టి, రెండు పక్కలు మాత్రమే డొల్లగా వదిలింది. బ్రిడ్జి (తీగలు ఆనే భాగం), పికప్పులు (తీగల కదలికను సిగ్నల్ చేసేవి) దిమ్మ మీద కూర్చుంటాయి కాబట్టి పై చెక్క అంత ఈజీగా ఊగదు. ఎపిఫోన్ క్యాసినో చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, కానీ లోపల దిమ్మ లేదు, మొత్తం డొల్లే. ఒక ఎఫ్ రంధ్రంలో ఫోన్ టార్చి వేసి చూడండి. అవతలి రంధ్రంలోంచి వెలుగు ధారాళంగా బయటికొస్తే ఫుల్ హాలో. మధ్యలో చెక్క గోడ అడ్డం తగిలితే సెమీ.

దేవరకొండ బేస్:
అమ్మేసిన గిటార్‌లో టార్చి ఎట్లా వేయాలి బాబూ? అయినా సగం డొల్ల కూడా డొల్లే. పైగా ప్లైవుడ్. అంత డబ్బు పెట్టి ప్లైవుడ్ ఎందుకు?

పాలమూరు బ్లూస్:
1958 నాటి 335 కూడా పొరలు అతికించి అచ్చులో నొక్కిన మేపుల్ చెక్కే అన్నా. దాన్నే ఇప్పుడు లక్షలు పోసి కొంటున్నారు. మన మే నెల ఎండకు ఒంటి చెక్క కంటే పొరల చెక్కే తక్కువ కదులుతుంది. (కూలర్ ఎదురుగా మాత్రం పెట్టొద్దు, తీగలు తుప్పు పడతాయి.)

ఇక కుయ్యిమనడం. మైకు పట్టుకుని బాక్సు ముందుకెళ్తే వచ్చే కూత లాంటిదే ఇదీ. బాక్సు శబ్దం పై చెక్కను, తీగల్ని ఊపుతుంది, పికప్ దాన్ని మళ్లీ బాక్సుకే పంపుతుంది. మానిటర్‌కు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి, గెయిన్ (సిగ్నల్ బలం పెంచే నాబు) తగ్గిస్తే చాలావరకు ఆగుతుంది. అప్పటికీ ఆగకపోతే రంధ్రాల్లో ఫోమ్ కుక్కొచ్చు. బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్ గుడ్డలు కుక్కేవాడు. 1980లో గిబ్సన్ ఆయన పేరుతో తెచ్చిన గిటార్ ల్యూసిల్‌కు అసలు రంధ్రాలే పెట్టలేదు.

నల్లగొండ సోల్డరింగ్:
మీరు మీరు కొట్లాడుకుంటూ రిపేరు సంగతి వదిలేశారు. సాలిడ్ బాడీకి ప్లేటు స్క్రూలు విప్పితే వైరింగంతా కళ్ల ముందుంటుంది. ఈ రకంలో చాలా మోడళ్లకు వెనక ప్లేటే ఉండదు. వాల్యూం గరగరమంటే నాబు కింద ఉండే పాట్‌ను ఎఫ్ రంధ్రంలోంచే బయటికి తీయాలి. ముందు పాట్ కాడకు దారం కట్టి, నట్టు విప్పి లోపలికి వదలాలి. పని అయ్యాక ఆ దారం లాగితే కాడ మళ్లీ దాని చోటుకే వస్తుంది. దారం కట్టకపోతే ఆ పూటంతా డొల్లలో వెతుకుడే. అందుకే తమ్మీ, బేరం చేసే ముందు యాంప్‌కు తగిలించి నాలుగు నాబులూ, స్విచ్చూ, జాకూ కదిపి చూడు. సౌండ్ తెగితే ధర తగ్గించమను.

పాలమూరు బ్లూస్:
ఇది మంచి మాట. ఒకటి నేను కలుపుతా: నువ్వు రాత్రి వాయిస్తానన్నావు కదా, దీన్ని ప్లగ్ పెట్టకుండానే వాయించుకోవచ్చు. సాలిడ్ కంటే స్పష్టంగా వినబడుతుంది, పక్క గదిలో పడుకున్నవాళ్ల నిద్ర చెడదు. మెడ వైపు పికప్ పెట్టి, టోన్ కాస్త తగ్గించి, వేలి కండతో మెల్లగా మీటి చూడు. స్వరం గుండ్రంగా వస్తుంది, కీబోర్డు ఉన్నా కలిసిపోతుంది. నాకు ఈ ఒక్క సౌండ్ చాలు.

దేవరకొండ బేస్:
బస్సులో ఎట్లా తీసుకుపోతాడు? దాదాపు 16 అంగుళాల వెడల్పు. లెస్ పాల్ లాంటి సాలిడ్ బాడీ అయితే 13 అంగుళాలే.

మిర్యాలగూడ తీగలు:
అకౌస్టిక్‌ను ఒళ్లో పెట్టుకునే తిరుగుతున్నా అన్నా, అలవాటే. చర్చిలో యాంప్ లేదు, పెడల్ నుంచి నేరుగా మిక్సర్‌కే. డ్రమ్స్ కూడా ప్యాడ్లే.

పాలమూరు బ్లూస్:
ఇంకేం మరి, పక్కన హోరెత్తించే బాక్సు లేకపోతే కూత భయం తక్కువే. జడ్చర్ల పో.

దేవరకొండ బేస్:
చర్చికైతే సరే, కాదనను. డీజే ఉన్న ఫంక్షన్‌కు పిలిచిన రోజు మాత్రం ఫోన్ చెయ్, నా సాలిడ్ ఇస్తా.