రాత్రి పరిమళించే బ్రాసావోలా నోడోసా సహజంగా ఎక్కడ పెరుగుతుంది?

ప్రశ్న: చెన్నై బీసెంట్ నగర్‌లో మా మేడ మీద పెంచుతున్న ఈ ఆర్కిడ్, పగలంతా ఏ వాసనా లేకుండా ఉండి, చీకటి పడగానే నిమ్మపూల వంటి పరిమళం వెదజల్లుతోంది. ఇక్కడి ఉప్పుగాలి దీనికి పడుతుందా?

జవాబు: నిశ్చింతగా ఉండండి. మెక్సికో మొదలుకొని మధ్య అమెరికా మీదుగా వెనిజులా వరకు, తీరంలోని మడచెట్ల కొమ్మలపైనా, ఎండకు కాగే రాళ్లపైనా ఇది పెరుగుతుంది కనుక ఉప్పుగాలి దీనికి కొత్త కాదు. సన్నగా, దళసరిగా ఉండే ఆకుల్లో నీరు దాచుకుంటుంది.

మరొకరు: పరాగసంపర్కం చేసేవి పొడవైన తొండం గల రాత్రి చిమ్మటలు, ఆ తెల్లని పెదవిరేకు, ఆ వాసన వాటికోసమే, మనకోసం కాదు! 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనిని ఎపిడెండ్రమ్ అనే ప్రజాతి మొక్కగా వర్ణించగా, 1831లో మరో వృక్షశాస్త్రవేత్త లిండ్లీ బ్రాసావోలా ప్రజాతిలో చేర్చారు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. తడి వదలని కొబ్బరిపీచు తీసేసి, వేర్లకు గాలి తగిలేలా చెక్కముక్కకు కట్టాను.