ఆరు బ్యాచ్‌లు కలిపి రెండు రోజులు చేద్దామా, ఎవరి బ్యాచ్ వాళ్లు చేసుకుందామా?

1993 బ్యాచ్, బి సెక్షన్
మా జిల్లా పరిషత్ హైస్కూల్లో 1990 నుంచి 1995 దాకా పదో తరగతి చదివిన ఆరు బ్యాచ్‌లు కలిసి ఆత్మీయ సమ్మేళనం పెట్టాలని అనుకుంటున్నాం. సంక్రాంతి వెళ్లాక వచ్చే శని, ఆదివారాలు. సగం మంది సరే అన్నారు, మిగతా సగం ఎవరి బ్యాచ్ వాళ్లు చేసుకుంటేనే బాగుంటుందంటున్నారు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి నవంబరు పదో తేదీకల్లా ఏదో ఒకటి తేలాలి.

నేను కలిపి చేయాలనే వైపు. కారణం మా లెక్కల మాస్టారు. పోయినేడాది పిలవడానికి వాళ్లింటికి వెళ్లాను. ఆయనకి 84 ఏళ్లు. ఆ చలికాలంలో అప్పటికే మూడు బ్యాచ్‌ల వాళ్లు తీసుకెళ్లారు, మాది నాలుగోది. బీరువా మీద మూడు శాలువాలు కవరు కూడా విప్పకుండా ఉన్నాయి. అమ్మగారు నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచి, "బాబూ, పొద్దున పదింటికి తీసుకెళ్లి సాయంత్రం ఐదు దాకా స్టేజీ మీద కూర్చోబెడుతున్నారు, ఆయన గంటకోసారి బాత్రూమ్‌కి లేవాలి, అందరి ముందు లేవడానికి మొహమాటపడి ఆ రోజంతా మంచినీళ్లు తాగడం మానేస్తున్నారు" అని చెప్పారు. అది విన్నాక కూడా ఆరు బ్యాచ్‌లు ఆరుసార్లు ఆయన్ని కారెక్కించడం నాకు ఇష్టం లేదు. అందరం ఒక్కసారి చేద్దాం, మాస్టార్లని రెండు గంటల్లో ఇంటికి దిగబెట్టేద్దాం.

1991 బ్యాచ్
తమ్ముడూ, మాస్టారి విషయంలో నీ మాట కాదనను. కానీ ఆరు బ్యాచ్‌లంటే నాలుగు వందల మంది. పక్క మండలంలో మా బావమరిది వాళ్లు ఇలాగే కలిపి చేస్తే నేనూ వెళ్లాను. పరిచయాలని మనిషికి రెండు నిమిషాల చొప్పున మైకిచ్చారు. 180 మంది వచ్చారు, నువ్వే లెక్కేసుకో, ఆరు గంటలు. చివరికి ఆఫీసర్లు, అమెరికా నుంచి వచ్చినవాళ్లు మాట్లాడారు, మిగతావాళ్లు భోజనం చేసి బస్సెక్కారు. నా బెంచీలో నాతో కూర్చున్నవాడితో నేను మనసు విప్పి మాట్లాడుకోవాలి, దానికి అరవై మందే ఎక్కువ. నాకు 95 బ్యాచ్ వాళ్లెవరో తెలియదు, వాళ్లకి నేను తెలియను.

1994 బ్యాచ్ (అమ్మాయిల తరఫున)
అన్నయ్యా, మీకు స్నేహం బెంచీలో దొరికింది. మా ఊళ్లో హైస్కూల్ లేదు. నాలుగు కిలోమీటర్లు కాలవ గట్టు మీద నడిచి వచ్చేవాళ్లం, ఏడుగురం, అందులో నా క్లాసు నేనొక్కదాన్నే. వానొస్తే పుస్తకాలన్నీ ఒకే గొడుగు కింద పెట్టి, మేం తడుస్తూ నడిచేవాళ్లం. నాకు కావలసినవాళ్లు ఆ దారిలో ఉన్నారు, బ్యాచ్‌ల వారీగా పెడితే వాళ్లలో ఒక్కరూ నాకు కనబడరు. కాబట్టి కలిపే చేయాలి.

కానీ రెండు రోజులన్నది ఎవరు ఆలోచించారో గానీ, రాత్రి ఉండే కార్యక్రమానికి మాలో సగం మంది రాలేరు. మా క్లాసులో 28 మంది అమ్మాయిలం, గ్రూపులో ఉన్నది తొమ్మిది మంది. పెళ్లయ్యాక ఇంటిపేర్లు మారాయి, ఫోను మా ఆయన నంబరో కొడుకు నంబరో అయి ఉంటుంది. మగవాళ్లు ఫోన్ చేసి "మీ ఆవిడ క్లాస్‌మేట్‌ని" అంటే ఆ ఇంట్లో ఏమవుతుందో మీకు తెలుసు. ఆ ఫోన్లు మేం చేస్తాం. ఫొటోలు మమ్మల్ని అడగకుండా ఫేస్‌బుక్‌లో పెట్టకండి.

వరంగల్ నుంచి
మా దగ్గర ఐదు బ్యాచ్‌లు కలిపి ఒక్క రోజే చేసినం. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా ఎవరి బ్యాచ్ వాళ్లు ఒక్కో క్లాస్ రూంల కూర్చున్నరు. మైకు లేదు, స్టేజి లేదు. ఆ తర్వాతే అందరం గ్రౌండ్‌కొచ్చినం, సార్లను అప్పుడే తీసుకొచ్చినం. 91 అన్న చెప్పిన బాధ, అక్క చెప్పిన బాధ రెండూ తీరినయి. హాజరు పిలిచేటప్పుడు చనిపోయినవాళ్ల పేర్లు కూడా పిలిచి ఆగినం, అది మాత్రం ముందే చెప్పి చేయండి, కొందరు తట్టుకోలేకపోయిండ్రు.

1990 బ్యాచ్
మనిషికి 2,000 అంటున్నారు, నాలుగు వందల మంది అంటే 8 లక్షలు. ఫ్లెక్సీలు, డ్రోన్ కెమెరా, మెమెంటోలు పోతే బడికి ఏం మిగులుతుంది? ఏం ఇవ్వాలో కూడా ముందు హెడ్‌మాస్టర్‌ని అడగండి. ప్రభుత్వ నాడు-నేడు పథకం వచ్చాక బెంచీలు, మరుగుదొడ్లు, రంగులు చాలా బళ్లకి వచ్చాయి. మళ్లీ మనం బెంచీలే కొనిచ్చి దాని మీద బ్యాచ్ పేరు రాయించుకుంటే ఎవరికి ఉపయోగం? మన బడిలో మోటారు కాలిపోతే బాగు చేయించడానికి టీచర్లు తలా కొంత వేసుకుంటున్నారు. బ్యాంకులో డిపాజిట్ వేసి వడ్డీతో అలాంటివి చేయించండి. చందా ఎవరెంత ఇచ్చారో గ్రూపులో లిస్టు పెట్టొద్దు. కూలికెళ్లేవాడు 200 ఇస్తే అది వాడి రోజు కూలిలో ఎంతో ఆలోచించండి.

1993లో పది తప్పినవాణ్ని
రెండు రోజుల నుంచి చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆగాను. నేను మన బి సెక్షనే. లెక్కలు, ఇంగ్లీషు పోయాయి, మళ్లీ కట్టలేదు. 2018లో మన బ్యాచ్ 25 ఏళ్ల ఫంక్షన్‌కి షామియానా, కుర్చీలు నావే. పొద్దున్నే వచ్చి నేనే వేశాను. నలుగురైదుగురు గుర్తుపట్టి పలకరించారు కూడా, "బాగున్నావా, ఇంకో ఇరవై కుర్చీలు పడతాయేమో చూడు" అన్నారు. కూర్చోమని ఎవరూ అనలేదు. ఫొటో తీసేటప్పుడు నేను వ్యాను దగ్గర నిలబడ్డాను. పిలుపులన్నీ పాసైనవాళ్ల లిస్టు చూసి చేశారని తర్వాత తెలిసింది. ఆరు బ్యాచ్‌లు కలిపినా, విడివిడిగా చేసినా, లిస్టు అదే అయితే నాకు తేడా ఏముంది?

1993 బ్యాచ్, బి సెక్షన్
ఆ లిస్టు రాసింది నేనే. హెడ్‌మాస్టర్ మార్కుల రిజిస్టర్ ఇస్తే అందులో పాస్ అని ఉన్న పేర్లు దించుకున్నాను. నిన్ను ఆ రోజు చూశాను కూడా. క్షమించమని అడగడానికి ఇక్కడ కాదు, మీ ఇంటికి వస్తాను.

రెండు రోజులన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆదివారం ఒక్కరోజే, వరంగల్ వాళ్లు చెప్పినట్టు పొద్దున క్లాసుల్లో, తర్వాత గ్రౌండ్‌లో. మాస్టార్లు పదకొండున్నరకి వచ్చి ఒకటిన్నరకి ఇంట్లో ఉంటారు, స్టేజీ లేకుండా బాత్రూమ్‌కి దగ్గరగా ఉన్న వరండాలో కుర్చీలు. 91 అన్నకి ఇంకా ఇష్టం లేకపోతే పొద్దున రెండు గంటలకైనా రమ్మని అడుగుతున్నా.

లిస్టు ఈసారి అడ్మిషన్ రిజిస్టర్ నుంచి రాస్తాను. ఆరో తరగతిలో చేరిన ప్రతి ఒక్కరి పేరూ. సోమవారం బడికి వెళ్తున్నా. మధ్యలో మానేసి పనికెళ్లినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో నాకన్నా నీకే తెలుస్తుంది, వీలైతే నువ్వూ రా. ఈసారి కుర్చీలు వేరే ఊరి నుంచి తెప్పిద్దాం.